తాడు పట్టుకున్నవాడి మనవరాలు

మా చెల్లెలి పక్కింటావిడకి డెబ్భై ఏడేళ్లు. మొదటిసారి మా చెల్లెలు నన్ను పరిచయం చేస్తూ, "మా అక్క, నవలలు రాస్తుంది" అంది. ఆ మాట వినగానే ఎవరైనా ఎన్ని రాశారు, ఏదైనా సినిమాగా వచ్చిందా అని అడుగుతారు. ఆవిడ అవేమీ అడగలేదు. నన్ను ఎగాదిగా చూసి, "మీ తాతగారి తాతగారి పేరేమిటి?" అంది.

నేను నీళ్లు నమిలాను. తాతయ్య పేరు తెలుసు. ముత్తాత పేరు తద్దినాలనాడు చెవిన పడింది. ఆ పైన అంతా పొగమంచే.

"నాకు పన్నెండు తరాలు తెలుసు" అందావిడ. గొప్ప చెప్పుకున్నట్టు లేదు. మనవాళ్లు "నాకు షుగరుందండీ" అంటారే, అలా అంది.

ఇది అమెరికాలో మాట. మసాచుసెట్స్ రాష్ట్రంలో మా చెల్లెలు వాళ్లుండే ఊరికి ప్లిమత్ కారులో అరగంట దారి. క్రిందటేడు ఆకులు రంగులు మారే రోజుల్లో రెండు నెలలు అక్కడున్నాను. పొద్దున్నే చెల్లెలూ మరిదీ ఆఫీసులకీ, పిల్లాడు స్కూలుకీ వెళ్లిపోతే సాయంత్రం దాకా నేనూ, కిటికీలో చెట్టూ. అందుకని పక్కింటికి వెళ్లడం అలవాటైంది. ఆవిడ స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరయింది. భర్త పోయాడు, పిల్లలు దూరాల్లో ఉన్నారు. భోజనాల బల్లనిండా ఫైళ్లు. పదకొండేళ్లుగా ఆ బల్లమీద ఎవరూ భోంచేయలేదట! ఆవిడ వంటింట్లో నిలబడే రెండు ముద్దలు తినేస్తుంది. మా మేనత్తకి వ్రతాల పిచ్చి ఎలాంటిదో ఈవిడకి పూర్వీకుల పిచ్చి అలాంటిదనుకున్నాను.

ఆవిడ చెప్పిన పన్నెండో తరం మనిషి పేరు జాన్ హౌలాండ్. 1620లో మేఫ్లవర్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండు నుంచి వచ్చిన 102 మందిలో ఒకడు. దొరబాబేం కాదు. జాన్ కార్వర్ అనే పెద్దమనిషి దగ్గర పనివాడుగా వచ్చాడు. నడిసముద్రంలో తుఫాను పట్టుకుంది. అందరూ కింద ముడుచుకు పడుకుంటే ఈ కుర్రాడు పైకి వచ్చాడు. ఊపిరాడక వచ్చాడో, కుతూహలం కొద్దీ వచ్చాడో! ఓడ ఒక్కసారి ఒరిగేసరికి నీళ్లలో పడ్డాడు. తెరచాప తాడొకటి ఓడ పక్కన నీళ్లలోకి వేళ్లాడుతోంది. అది చేతికి చిక్కింది. నీళ్లలో బారల లోతుకి వెళ్లిపోయినా పట్టు వదల్లేదు. పైవాళ్లు తాడు లాగి, కొక్కెం కర్రతో ఎలాగో ఓడలోకి చేర్చారు. ఇది కట్టుకథ కాదు. అదే ఓడలో వచ్చి తరువాత ఆ వలసకి గవర్నరయిన విలియం బ్రాడ్‌ఫర్డ్ తన చేత్తో రాసిపెట్టాడు.

ఆ ఓడలో వచ్చినవాళ్లలో ఇంచుమించు సగంమంది మొదటి చలికాలంలోనే పోయారు. హౌలాండ్ మిగిలాడు. ఎలిజబెత్ టిల్లీ అనే పదమూడేళ్ల పిల్ల మిగిలింది. ఆ పిల్ల తల్లీ తండ్రీ, పినతండ్రీ ఆయన భార్యా కూడా ఆ చలికాలమే పోయారు. కొన్నేళ్లకి ఈ ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. పదిమంది పిల్లలు. పదిమందీ బతికి బట్టకట్టారు. ఆ రోజుల్లో అది ఏ దేశంలోనైనా వింతే. ఇవాళ వాళ్ల సంతతి ఇరవై లక్షలమంది ఉండవచ్చని ఒక అంచనా. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టూ, బుష్ తండ్రీకొడుకులూ, పాత సినిమాల హంఫ్రీ బోగార్టూ అందరూ ఆ తాడు పట్టుకుని వచ్చినవాళ్లే.

నాకు మాత్రం కథ వినగానే వేరే అనుమానం వచ్చింది. తాడు అలా నీళ్లలోకి వేళ్లాడుతూ ఉందంటే, దాన్ని చుట్టి కట్టాల్సిన నావికుడెవరో పని ఎగ్గొట్టి ఉండాలి గదా? ఇరవై లక్షలమందికి మూలపురుషుడు హౌలాండా, ఆ బద్ధకస్తుడా? ఆ మాటే అడిగితే ఆవిడ పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచీ మాకు స్నేహం కుదిరింది.

ఈ మేఫ్లవర్ సంతతివాళ్లకి 1897 నుంచీ ఒక సంఘం ఉంది. "మా పూర్వీకుడు ఆ ఓడలో వచ్చాడండీ" అంటే చేర్చుకోరు. ఒక్కొక్క తరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాల సాక్ష్యంతో చూపించాలి. మొదటి అయిదు తరాల వివరాలు సంఘంవారే వెండిరంగు అట్టల పుస్తకాలుగా వేశారు. హౌలాండ్ పిల్లల్లో ఒక్కొక్కరి సంతతికీ వేరే సంపుటాలు. కింద నుంచి మన నిచ్చెన మనం కట్టుకుంటూ వెళ్లి ఆ వెండి పుస్తకానికి ఆనించాలన్నమాట. మా పక్కింటావిడ నిచ్చెనలో ఒకే ఒక్క మెట్టు వదులుగా ఉంది. హౌలాండ్ నుంచి దిగుతూ వస్తే ఏడో మెట్టు. ఒక ఆడపిల్ల. ఇంటి బైబిల్ వెనక పేజీలో పిల్లల పేర్ల వరసలో ఆ పిల్ల పేరుంది. కానీ ఊరి రికార్డులో అన్నదమ్ముల పుట్టుకలన్నీ ఉన్నాయి గానీ ఈ పిల్లది లేదు.

"ఆడపిల్ల గదా, రాయడం మరిచిపోయి ఉంటారు" అన్నాను నేను, అనుభవజ్ఞురాలిలాగా.

మాకు తెలిసిన సంగతేగా! మా పెదనాన్నగారు ఎంతో శ్రమపడి మా వంశవృక్షం చిన్న పుస్తకంగా అచ్చువేయించారు. అందులో మగవాళ్లకి పేర్లు, చదువులు, ఉద్యోగాలు. ముత్తాతగారి పేరు కింద, "కుమార్తెలు ముగ్గురు" అని ఉంటుంది. అంతే. పశువుల లెక్కలో "పాడిగేదెలు మూడు" అన్నట్టు.

అయితే అంత పనీ చేసి ఈవిడ సాధించేదేమిటి అని నాకు లోపల ఒక నస. ఒకరోజు కాగితం మీద లెక్క వేశాను. తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్లకి నలుగురు, వాళ్లకి ఎనమండుగురు... ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే పన్నెండో తరంలో మనకి 4,096 మంది పూర్వీకులు వస్తారు. మేనరికాలవల్ల ఒకే మనిషి రెండు మూడు చోట్ల రావచ్చు, అది వేరే సంగతి. ఆ నాలుగువేల తొంభై ఆరుమందిలో హౌలాండ్ ఒకడు, ఎలిజబెత్ ఒకతె. మిగతా 4,094 మందో? ఇంకో చిత్రం ఏమిటంటే, పది తరాలు దాటాక ఒక పూర్వీకుడి డి.ఎన్.ఏ. మనలో ఒక్క ముక్క కూడా మిగలకపోవచ్చునని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ప్రతి తరంలోనూ తల్లి దగ్గర్నుంచి సగం, తండ్రి దగ్గర్నుంచి సగమే దిగుతుంది గదా. పైకి వెళ్లేకొద్దీ కొందరి వంతు సున్నా అయిపోతుంది. కాబట్టి "మా రక్తం" అని ఆవిడ అంటున్న రక్తంలో ఆ పెద్దమనిషి చుక్కయినా లేకపోవడానికే ఎక్కువ అవకాశం.

కాగితం చూపిస్తే ఆవిడ కళ్లజోడు సవరించుకుని శ్రద్ధగా చదివింది. "లెక్క సరిగ్గానే ఉంది. మరి మీవాళ్లు ఎన్ని తరాలు లెక్కపెడతారు?" అంది.

మూడు, అన్నాను. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత. వసువు, రుద్రుడు, ఆదిత్యుడు అని ముగ్గురికి మూడు రూపాలు. కొత్తగా ఒకరు చేరితే ఆ పైవారు వరుసలోంచి తప్పుకుంటారు. "అయితే మీ పెద్దవాళ్లకి రిటైర్మెంటు ఉందన్నమాట. మావాళ్లకి లేదు" అందావిడ.

ఒక ఆదివారం నన్ను ప్లిమత్ తీసుకువెళ్లింది. సముద్రం ఒడ్డున ఊరు. వెనకాల బరియల్ హిల్ అని శ్మశానం ఉన్న గుట్ట. అక్కడ హౌలాండ్ పేర ఒక రాయి. దాని వెనక ఉన్న కథ చెప్పింది. పంతొమ్మిదో శతాబ్దంలో వంశంవాళ్లు ఆయనకి ఒక స్మారకం రాయి వేయించారు. హౌలాండ్ భార్య గవర్నర్ కార్వర్ కూతురని దానిమీద చెక్కించారు. యజమాని కూతుర్ని పనివాడు పెళ్లి చేసుకోవడం! వారపత్రికలకి ఇరవై ఏళ్లుగా రాస్తున్నదాన్ని, అంతకంటే మంచి సీరియల్ నాకూ తట్టదు. అందరూ నమ్మారు. తరువాత, ఎప్పుడో పోయిందనుకున్న బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి 1855లో లండన్ బిషప్పుగారి ఫుల్హామ్ గ్రంథాలయంలో బయటపడింది. ఆ ప్రతి 1897లో మళ్లీ మసాచుసెట్స్ చేరింది. దాని చివర బ్రాడ్‌ఫర్డ్ 1650 ప్రాంతంలో రాసిన పట్టీ ఉంది. ఓడలో ఎవరెవరు వచ్చారు, ఏమైపోయారు, ఎవరికెంతమంది పిల్లలు. అందులో స్పష్టంగా ఉంది: హౌలాండ్ కట్టుకున్నది జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌ని. పాపం, గవర్నరుగారి సంబంధం కాస్తా పోయింది. తల్లీ తండ్రీ పోయిన అనాథ పిల్ల వచ్చి ఆ స్థానంలో కూర్చుంది. రాయి మార్చి వేయించారు.

ఆ పట్టీ అచ్చుప్రతి ఆవిడ దగ్గరుంది. సాయంత్రం ఇంటికొచ్చాక చదివాను. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్నే, తారీకులు తప్ప ఒక్క మనిషీ కనపడలేదు అప్పుడు. ఇందులో కార్వర్ ఇంటివాళ్లని బ్రాడ్‌ఫర్డ్ వరసగా చెప్పుకుపోతాడు. కార్వర్ ఆ వసంతంలో పోయాడు, వేసవిలో భార్య పోయింది. రోజర్ అనే పనివాడు అంతకుముందే పోయాడు. లేథమ్ అనే కుర్రాడు ఇరవై ఏళ్ల పైన అక్కడే ఉండి, ఇంగ్లండు వెళ్లి, అక్కణ్ణించి బహామా దీవులకి వెళ్లి తిండిలేక చచ్చిపోయాడు. హౌలాండ్‌కి పదిమంది పిల్లలు, అందరూ క్షేమం. ఇక, ఒక పనిపిల్ల. పెళ్లి చేసుకుంది, ఒకటి రెండేళ్లకి పోయింది. అంతే, పేరులేదు. బహామాల్లో ఆకలితో చచ్చినవాడి పేరు గుర్తున్న మనిషికి, ఒకే ఓడలో, ఒకే ఇంటి మనుషుల్లో వచ్చిన పిల్ల పేరు గుర్తులేదు. హౌలాండూ ఆ పిల్లా ఒకే యజమాని కుండలో గంజి తాగి ఉంటారు. ఒకరికి ఇరవై లక్షలమంది, ఒకరికి పేరు చెప్పేవాళ్లు కూడా లేరు.

అదే ఇంట్లో జాస్పర్ మోర్ అని ఒక చిన్నపిల్లాడున్నాడు. వాడి కథ విన్నాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ జమీందారు కుటుంబం. సామ్యూల్ మోర్ అనే అతను, భార్యకి పుట్టిన నలుగురు పిల్లలూ తన పోలికల్లో లేరనీ, ఆమెకి వేరే మనిషితో సంబంధం ఉందనీ, నలుగుర్నీ తల్లి దగ్గర్నుంచి లాక్కుని ఈ ఓడ ఎక్కించేశాడు. అందరికంటే పెద్దపిల్లకి ఎనిమిదేళ్లు. ముగ్గురు మొదటి చలికాలంలోనే పోయారు. రిచర్డ్ అనేవాడొక్కడే బతికి ముసలివాడయ్యాడు. వంశం కల్తీ అయిందని పారేసిన పిల్లాడు! తీరా తరువాతివాళ్లు కాగితాలు వెతికితే, వాడి తల్లి వంశం ఇంగ్లండు రాజులదాకా వెళ్లిందట. ఇప్పుడు ఆ రిచర్డ్ సంతతివాళ్లు ఆ కాగితాలు చూసుకుని మురిసిపోతున్నారు. పూర్వీకుడనే మాటలో ఎంత వేళాకోళం ఉందో చూడండి.

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఒకనాడు నేనే నోరుజారి, "మీ హౌలాండ్ తాడు పట్టుకోవడం తప్ప ఇంకేం చేశాడు?" అన్నాను. ఆవిడ లేచి వేరే ఫైలు తెచ్చింది.

1634లో హౌలాండ్ ఉత్తరాన కెన్నెబెక్ నదిమీద ప్లిమత్‌వారి వ్యాపారస్థావరానికి పెద్దగా ఉన్నాడు. బీవర్ తోళ్ల వ్యాపారం. హాకింగ్ అనే ఇంకో ఇంగ్లీషువాడు పడవేసుకుని వీళ్లని దాటి పైకి వెళ్లాడు. ఈ నది మాది, వెళ్లిపొమ్మన్నాడు హౌలాండ్. వాడు కదల్లేదు. లంగరు తాడు కోసెయ్యమని మనుషుల్ని పంపాడు. హాకింగ్ తుపాకి ఎత్తాడు. "నా మాటమీద చేస్తున్నారు, కాలిస్తే నన్ను కాల్చు, వాళ్లని వద్దు" అని హౌలాండ్ అరిచాడని సాక్ష్యంలో ఉంది. హాకింగ్ మోజెస్ టాల్బట్ అనే మనిషిని కాల్చి చంపాడు. వెంటనే హౌలాండ్ మనుషుల్లో ఒకడు హాకింగ్‌ని చంపాడు. నది అబెనాకీ జాతివాళ్లది. వాళ్లని ఎవరూ అడగలేదు.

"ఒక తాడు పట్టుకుని బతికాడు. ఇంకో తాడు కోయించి ఇద్దర్ని చంపించాడు. మొదటి తాడు కథ పిల్లల పుస్తకాల్లో వేశారు, రెండోది వెయ్యలేదు" అందావిడ.

అంతటితో ఆగలేదు. ఆ ప్లిమత్ ఊరే పటక్సెట్ అనే వాంపనోగ్ పల్లె. 1616 మొదలు మూడేళ్లపాటు వచ్చిన జబ్బుల్లో ఆ పల్లె మొత్తం తుడిచిపెట్టుకుపోతే, ఆ బీడుబడ్డ పొలాల్లో వీళ్లు ఇళ్లు కట్టుకున్నారు. 1621లో వాంపనోగ్‌ల పెద్ద మస్ససోయిట్ కార్వర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఆ స్నేహంవల్లే వీళ్లు బతికారు. యాభై ఏళ్లు గడిచాయి. భూమికోసం రాపిడి పెరిగి, 1675లో మస్ససోయిట్ కొడుకు మెటాకమ్‌తో యుద్ధం వచ్చింది. హౌలాండ్ అప్పటికి పోయాడు. ఎలిజబెత్ బతికే ఉంది. వాళ్ల కొడుకు జాబెజ్ బెంజమిన్ చర్చ్ అనే నాయకుడి దళంలో పోరాడాడు. 1676 ఆగస్టులో చర్చ్ మనుషులు మెటాకమ్‌ని చంపారు. తల నరికి ప్లిమత్‌లో గుంజకి గుచ్చి నిలబెట్టారు. ఇరవై ఏళ్లకి పైగా అది అక్కడే ఉంది. జాబెజ్ ఉన్న ఇల్లు ఇప్పటికీ ఉంది, నేను చూశాను. చక్కటి ఎర్రటి ఇల్లు, ముందు పూలమొక్కలు.

మెటాకమ్ భార్యా, తొమ్మిదేళ్ల కొడుకూ పట్టుబడ్డారు. పిల్లాణ్ణి ఏం చెయ్యాలి? ఊరి పెద్దలు మతగురువుల్ని అడిగారు. తండ్రి పాపం కొడుకుది అవుతుందా, అవదా? కొందరు శాస్త్రం తిరగేసి, అవుతుంది, చంపవచ్చు అన్నారు. జేమ్స్ కీత్ అనే ఆయనొక్కడు అదే శాస్త్రంలోంచి, తండ్రుల దోషానికి పిల్లల్ని చంపకూడదన్న మాట తీసి చూపించి దయ చూపమన్నాడు. చివరికి చంపలేదు. బానిసగా అమ్మేసి ఓడ ఎక్కించి పంపేశారు. కార్వర్‌తో స్నేహం చేసిన మస్ససోయిట్‌కి వాడు మనవడు.

"వాడి పేరు?" అన్నాను. పట్టీల్లో పేరు లేదంది.

ఇక్కడే నా మనసు చిక్కుపడింది. పూర్వీకుల పుణ్యం మనకి గర్వకారణమైతే పాపం సిగ్గుపడే కారణం కావాలి. పాపంతో మనకి సంబంధం లేదంటే పుణ్యంతోనూ ఉండకూడదు. తలుపు ఒకటే గదా! గర్వాన్ని మాత్రం లోపలికి రానిచ్చి సిగ్గుని గుమ్మంలో నిలబెట్టడం ఏం న్యాయం? తర్కానికి ఇది బాగానే ఉంది. కానీ మనుషులకి అతకదు. ఆ తర్కం ఇంకో అడుగు వేస్తే తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి ఉరితియ్యమన్న గురువుల పక్కన నిలబడతాం.

మన పాత హిందూ న్యాయంలో తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలి. అయితే తాగుడుకీ జూదానికీ చేసిన అప్పు తీర్చక్కర్లేదు. 2005లో చట్టం మార్చి, అప్పట్నుంచి చేసే అప్పులకి ఆ బాధ్యతే తీసేశారు. ఆ పాత నియమం నాకెందుకో గుర్తొచ్చింది. అక్కడ తప్పు ఎవరిదని అడగలేదు, పద్దు ఎవరి చేతిలో ఉందని అడిగారు. కొడుక్కి శిక్ష లేదు. కానీ వాకిట్లోకి వచ్చినవాడితో "మాకేం తెలీదు పొమ్మ"నడానికీ లేదు. ఆవిడకి చెబితే తలూపింది. "నా పద్దులో తాడూ ఉంది, గుంజా ఉంది. నేను రెండూ రాసుకుంటాను" అంది.

ఆ తరువాతి వారమే ఆ కాగితం దొరికింది.

ఏడో మెట్టు పిల్ల పుట్టిన ఊరి కచేరీకి నన్ను తోడు తీసుకువెళ్లింది. నా కళ్లు ఆవిడ కళ్లకంటే నయం గదా. అక్కడ బీదల పోషణ చూసే పెద్దల పాత దస్తావేజులున్నాయి. ఆ రోజుల్లో దిక్కులేని పిల్లల్ని ఊరివాళ్లు ఎవరో ఒకరి ఇంటికి ఒప్పందం రాసి అప్పగించేవారు. భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే తిప్పుతున్నాను. 1811. ఆరేళ్ల ఆడపిల్ల. పద్దెనిమిదేళ్లు నిండేవరకూ ఫలానా రైతు ఇంట పనిచేయాలి. వాళ్లు తిండీ బట్టా పెట్టాలి, చదవడం నేర్పాలి, గడువు తీరాక రెండు జతల బట్టలిచ్చి పంపాలి. రైతు పేరు ఆవిడ నిచ్చెనలో ఆరో మెట్టు. పిల్ల పేరు ఏడో మెట్టు. ఇంటిపేరు ఉండాల్సిన చోట ఒక గీత.

నేను ఏమీ అనలేదు. భూతద్దం ఆవిడ చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. పర్సులోంచి రుమాలు తీసి కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో చాలాసేపటికి, "ఇది మనిద్దరం తప్ప ఎవరూ చూడలేదు" అంది.

నిజమే. బైబిల్ పేజీ చూపిస్తే సంఘంవారు ఒప్పుకునేవారేమో. కాగితం మళ్లీ ఆ కట్టలోకి వెళ్లిపోయింది, ఇంకో వందేళ్లకి ఎవరు తీస్తారు? మా చెల్లెలికి చెబితే, "ఇందులో అంత ఆలోచించేదేముంది అక్కా? పెద్దావిడ, ఒక సర్టిఫికెట్టు గోడకి తగిలించుకుంటుంది. ఎవరి కొంప మునిగింది?" అంది. నాకూ అలాగే అనిపించింది, ఒక పూట.

మర్నాడు పులిహోర పట్టుకుని వెళ్లాను. బల్లమీద ఫైళ్లన్నీ సర్దేసి ఉన్నాయి. పదకొండేళ్ల తరువాత ఆ బల్లమీద కూర్చుని ఇద్దరం పులిహోర తిన్నాం. ఓదార్పుగా ఉంటుందని మా తాతయ్య సంగతి చెప్పాను. తాతయ్య దత్తుడు. దివిసీమలో పుట్టి, ఏడో ఏట గుడివాడ దగ్గరి పల్లెకి దత్తత వచ్చాడు. ఆ రోజునుంచీ గోత్రం మారింది, ఇంటిపేరు మారింది. జీవితాంతం తనని కనని ముగ్గురు మగవాళ్ల పేర్లు చెప్పి తర్పణాలు వదిలాడు. కన్నతండ్రి పేరు చెప్పడానికి వీల్లేదు. పెదనాన్నగారి వంశవృక్షంలో తాతయ్య పైన ఉన్న కొమ్మలన్నీ ఆ పెంచినవాళ్లవే. మాలో ఎవరికీ అది అబద్ధమనిపించలేదు. "పెంచిన ఇల్లే వంశం. వాళ్లు ఆ పిల్ల పేరు బైబిల్లో తమ పిల్లలతో కలిపి రాసుకున్నారు గదా!" అన్నాను.

ఆవిడ చాలాసేపు పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది.

"మీ తాతగారిని కొడుకుగా అడిగి తెచ్చుకున్నారు. ఈ పిల్లని పనికి తెచ్చుకున్నారు. మధ్యలో ఎప్పుడో ఎవరో మనసు మార్చుకుని ఆ పేరు రాశారు. ఎప్పుడు మార్చుకున్నారో తెలిస్తే బాగుండును" అంది.

నా దగ్గర సమాధానం లేదు. ఆలోచిస్తే మా తాతయ్య విషయం కూడా అంత నున్నగా లేదు. కన్నతల్లి ఆయన్ని చూడ్డానికి వస్తే వీధి అరుగుమీదే కూర్చుని, మజ్జిగ తాగి వెళ్లిపోయేదట. ఆవిడ పేరు ఆ పుస్తకంలో లేదు. దత్తతలో శాస్త్రం అంతా సక్రమంగా జరిగింది, ఆ అరుగు సంగతే శాస్త్రంలో లేదు.

"ఒక విషయం చెప్పనా?" అందావిడ. "ఆ గుంజ కూడా నాది కాకుండా పోయింది. ఆ యుద్ధం, ఆ పిల్లాడు, ఆ నది, ఏదీ నాది కాదు. హమ్మయ్య అనుకోవాలి గదా? రాత్రంతా నిద్రపట్టలేదు. ఇన్నాళ్లూ వాళ్ల పాపాలు తలచుకుని బాధపడడం కూడా ఒక రకం హోదాగా ఉందేమో నాకు."

వంశగౌరవం మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. వంశపాపాన్ని హోదాగా వాడుకున్నానేమోనని తనని తాను అనుమానించుకున్న మనిషిని మాత్రం ఆవిడనొక్కదాన్నే చూశాను.

సంఘానికి దరఖాస్తు పంపిందో లేదో నేను బయల్దేరేనాటికి తేలలేదు. అడగడానికి మొహమాటపడ్డాను. సంక్రాంతికి మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడు చెప్పింది. పంపలేదట. 1811 కాగితం నకలు తీయించి బైబిల్ పేజీ పక్కనే అంటించిందట. ఇప్పుడు భోజనాల బల్లమీద మళ్లీ ఫైళ్లు చేరాయి. ఆ ఆరేళ్ల పిల్ల తల్లి ఎవరో వెతుకుతోంది. ఊరి బీదల లెక్కల్లో అంతకు రెండేళ్లముందు ఎవరో ఒక స్త్రీకి కట్టెలూ పిండీ ఇచ్చినట్టు ఒక పద్దు దొరికిందట. ఆమేనో కాదో. గోడమీద హౌలాండ్ ఇంటి బొమ్మ మాత్రం తియ్యలేదు.

మా వంశవృక్షం పుస్తకం రెండోసారి వేయిస్తామనీ, ముందుమాట నన్ను రాయమనీ మా పెదనాన్నగారి అబ్బాయి అడుగుతున్నాడు. వచ్చినప్పట్నుంచీ వాయిదా వేస్తున్నాను. మొన్న మేనత్త దగ్గరికి వెళ్లి, ముత్తాతగారి ముగ్గురు కూతుళ్ల పేర్లూ, తాతయ్య కన్నతల్లి పేరూ అడిగాను. అత్తయ్యకి తొంభై దాటాయి. కన్నతల్లి పేరు వెంటనే చెప్పింది, వెంకమ్మ. కూతుళ్లలో పెద్దావిడ సీతమ్మ. రెండో ఆవిడ పేరు మధ్యాహ్నం నిద్రలేచాక గుర్తొచ్చి వంటింట్లోకి వచ్చి మరీ చెప్పింది, మాణిక్యం. మూడో ఆవిడని ఇంట్లో అందరూ బుజ్జి అనేవారట. "అసలు పేరేమిటత్తయ్యా?" అన్నాను.

"ఏమోనే" అంది అత్తయ్య. "ఎప్పుడూ ఎవరూ పిలవలేదు."